గొడుగు పిన్ని ముఖం

మా ఇంట్లో ఏ వస్తువూ పూర్తిగా చావదు. పాడైపోతుంది, మూలన పడుతుంది, అటకెక్కుతుంది, అక్కడ శేషజీవితం గడుపుతుంది. అరిగిపోయిన కుక్కర్ గాస్కెట్లు, ఎప్పుడో పోయిన ఫోన్ల తాలూకు అట్టపెట్టెలు, మూతల్లేని సీసాలు, సీసాల్లేని మూతలు, అన్నీ వరసలో ఉన్నాయి. ఏడాదికోసారి మా ఆవిడ స్టూలెక్కి అటకలోకి తొంగిచూసి, వీటిలో ఒక్కటి పారేసినా తనకి సంతోషమే అంటుంది. నేను ఒక్కొక్కటే కిందికి దింపి, దుమ్ము దులిపి, దాని భవిష్యత్తు గురించి కాసేపు ఆలోచించి, మళ్ళీ పైన పెడతాను. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకి నేను మొదటిసారి ఒకటి నిజంగా పారేశాను. అదేమిటో చెబుతాను.

మా ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్ష చేస్తుంది. పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఐదున్నర దాకా కిటికీ లేని గదిలో, వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ ఒకే ప్రశ్న అడుగుతుంది. ఇది బాగుందా, ముందుది బాగుందా? రోజుకి పాతికమంది, మనిషికి ఇరవైసార్లు. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు గురించి అడిగినా అదే గొంతుతో అడుగుతుంది. మనకి తెలియకుండానే గడ్డం ఎత్తి నిటారుగా కూర్చుంటాం.

ఆ ఉద్యోగంలో తను కనిపెట్టిన సంగతి ఒకటి నాకు చాలాసార్లు చెప్పింది. పరీక్ష మొదట్లో అందరూ నిజమే చెబుతారట. పది అద్దాలు మారాక కొందరికి విసుగొస్తుంది, కొందరికి ఆవిడ మీద జాలేస్తుంది. పాపం ఇంత కష్టపడుతోంది, ఇంకా కనబడడం లేదంటే ఏం బాగుంటుంది అనుకుని, "రెండూ ఒకటేనండి, బాగానే ఉంది" అంటారట. ఆ మాట వచ్చిందంటే వాళ్ళకి కనబడడం లేదన్నమాట, ఇంక కనబడుతుందన్న ఆశ కూడా వదిలేశారన్నమాట. అప్పుడు మా ఆవిడ ఫ్రేము తీసేసి, కళ్ళు అలిసిపోయాయి, రేపు రండి అని పంపేస్తుంది. వాళ్ళలో సగం మంది రేపు రారు.

ఇంత స్పష్టత పంచిపెట్టి ఇంటికొచ్చిన మనిషి, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా పడవ నడుపుతుంది.

హాల్లో మూల మా కంప్యూటర్ ఉంది. పన్నెండేళ్ళది. కీబోర్డు మీద ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు మీద అక్షరాలు అరిగిపోయాయి, తొడుగు కింద అక్షరాలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. మానిటర్‌కి మా ఆవిడే కుట్టిన పువ్వుల గుడ్డ కవరు. కంప్యూటర్ తెరుచుకునేలోపు ఒక కప్పు టీ పెట్టుకోవచ్చు, తాగొచ్చు, కప్పు కడగొచ్చు. కొత్తది కొనాలన్న ఆలోచన మా ఇంట్లో ఆరేళ్ళుగా ఉంది. అది కూడా అటకెక్కింది.

అందులో ఆ పడవ ఆట. ఒక సరస్సు, ఈ ఒడ్డున ఒక ఊరు, ఆ ఒడ్డున ఒక ఊరు. జనం పడవెక్కుతారు, అవతల దిగుతారు. వాన వస్తుంది, పోతుంది. ఆ ఆటలో గెలవడం లేదు, ఓడడం లేదు, ఎవరూ ఎవర్నీ కాల్చరు. ఎనిమిదేళ్ళుగా మా ఆవిడ అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. మొత్తం ముప్ఫై ఒక్కమంది ప్రయాణికులు. ముఖాలంటే పెద్దగా ఏం లేవు. గోధుమరంగు డబ్బా, కళ్ళు ఉండాల్సిన చోట రెండు మరకలు, నోరు ఉండాల్సిన చోట ఒక గీత, ఆ గీత కూడా తిన్నగా ఉండదు. ఆటవాళ్ళు వాళ్ళకి పేర్లు కూడా పెట్టలేదు. మా ఆవిడే పెట్టుకుంది. టోపీ బాబాయి, పేపరు మామయ్య, సంచీ అత్తయ్య. సంచీ అత్తయ్యతో మా ఆవిడకి పడదు. ఎందుకు పడదో నేను అడగలేదు, వాళ్ళ కుటుంబ వ్యవహారం.

వీళ్ళందరిలో ముఖ్యురాలు గొడుగు పిన్ని. వానున్నా లేకపోయినా గొడుగు పట్టుకుని, సరిగ్గా ఆరూ నలభై అయిదు ట్రిప్పుకి ఎక్కి, చుక్కాని పక్కన కూర్చుంటుంది. మా ఆవిడ ఆవిడతో మాట్లాడుతుంది. మొదట్లో ఫోనులో వాళ్ళ అక్కతో అనుకున్నాను. ఒకరోజు బాల్కనీలో బట్టలు తీస్తూ విన్నాను. షాపుకి ఒకాయన వచ్చాడట, అరగంట పరీక్ష అయ్యాక, మీ పాత కళ్ళజోడు ఇలా ఇవ్వండి అంటే ఇచ్చాడట, అది వాళ్ళావిడదట, రెండేళ్ళుగా ఇద్దరూ ఒకరిది ఒకరు పెట్టుకుంటున్నారట. "ఇద్దరికీ బాగానే కనబడుతోందట పిన్నీ" అని మా ఆవిడ నవ్వింది. అంతలా నవ్వడం నేను ఈమధ్య వినలేదు. చేతిలో తడి తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాను, కదిలితే నవ్వు ఆపేస్తుందేమోనని.

వాళ్ళ అక్కతో ఒకసారి నిజంగా ఫోనులోనే అంది. "ఆ గంట లేకపోతే నేను ఏదో ఒకరోజు ఎవరో ఒకరి కంట్లో వేలు పెడతానక్కా." మా వదినగారు నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు.

ఇక్కడ అప్‌గ్రేడ్ గారి గురించి చెప్పాలి. నాది నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల సెక్షన్. ఫిర్యాదు తీసుకోవడం, నంబరివ్వడం, పక్క సెక్షన్‌కి పంపడం నా పని. నీళ్ళు రావడం నా పని కాదు. నా పక్క టేబులాయన దేన్నీ ఉన్నచోట ఉన్నట్టు ఉండనివ్వడు. ఆఫీసు కుర్చీకి మెత్త వేయించాడు, మెత్త మీద పూసల సీటు, సీటు మీద తువ్వాలు. ఇప్పుడు ఆయన కాళ్ళు నేలకి అందవు. ఇంట్లో కాలింగ్ బెల్లు మార్చి పదహారు రకాల పక్షుల కూతలు పెట్టించాడు, అప్పట్నుంచీ ఎవరొచ్చినా తలుపు తియ్యడం లేదు. ఆఫీసులో అందరూ అప్‌గ్రేడ్ గారనే పిలుస్తారు, ఆయనకీ అభ్యంతరం లేదు. మా ఆవిడని చెల్లెమ్మా అంటాడు కాబట్టి లెక్కప్రకారం నేను బావగారినయ్యాను.

ఒక సాయంత్రం ఏదో కాగితం ఇవ్వడానికి మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ పడవలో ఉంది. ఆయన తెర వైపు చూశాడు, దగ్గరికొచ్చి మళ్ళీ చూశాడు. తర్వాత నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"బావగారూ, చెల్లెమ్మ ఎనిమిదేళ్ళుగా వీళ్ళతోనా? వీళ్ళకి ముఖాలేవీ?"

చిరుగు తువ్వాలు చుట్టాలొచ్చినప్పుడే బాత్రూంలో వేలాడుతూ కనబడితే ఎలా ఉంటుందో అలా అయింది నాకు. ఎనిమిదేళ్ళలో ఆ బొమ్మలు బాగాలేవని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆయన అన్న మరుక్షణం నుంచి అవి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, ఇంట్లో ఇలాంటి మసక ముఖాలతో సరిపెట్టుకోవడమా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? నలుగురూ వచ్చి మా ఆవిడ పడవ చూసే అవకాశం లేదన్న సంగతి నాకు తట్టలేదు.

మందు కూడా అప్‌గ్రేడ్ గారే చెప్పారు. మాడ్‌లు. అంటే పాత ఆటలకి ఎక్కడెక్కడి అభిమానులో ఊరికే కుట్టిపెట్టే కొత్త బట్టలు. నీళ్ళకి ఒక మాడ్, చెట్లకి ఒకటి, ముఖాలకి ఒకటి. డౌన్‌లోడ్ చేసి ఆట ఫోల్డర్లో పడేస్తే పాతవాటి మీద కొత్తవి వచ్చి కూర్చుంటాయి. మా కంప్యూటర్ మోస్తుందా అని అడిగాను. మోయించాలి బావగారూ అన్నారు.

మా వదినగారికి మోకాలు ఆపరేషను పడి, మా ఆవిడ నాలుగు రోజులు వాళ్ళింటికి వెళ్ళింది. నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. వచ్చేసరికి ఆశ్చర్యపోవాలని. ఆశ్చర్యపరచడం అంటే అవతలివాళ్ళని అడక్కుండా చెయ్యడమని మా ఇంట్లో వాడుక. మా ఆవిడ నలభయ్యో పుట్టినరోజుకి వంటింట్లో షెల్ఫులన్నీ ఎత్తుకి జరిపించింది నేనే. అప్పట్నుంచీ అక్కడ స్టూలు ఉంటుంది.

మొదటి రోజు నీళ్ళు మార్చాను. నీళ్ళలో మబ్బులు కనబడ్డాయి, మబ్బుల్లో ఎండ, ఎండలో అలలు. పడవ మాత్రం కదలడం లేదు. కదులుతోంది కానీ, ఒకసారి కదిలి, ఆలోచించి, మళ్ళీ కదులుతోంది. కంప్యూటర్ లోపల ఫ్యాను గోల పెట్టింది. డబ్బా పక్క రేకు విప్పేసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. రెండో రోజు చెట్లు మార్చాను. ఆకు ఆకూ విడివిడిగా ఊగింది. చెట్లు ఊగుతున్నంతసేపూ పడవ ఆగిపోయింది. టేబుల్ ఫ్యాను మూడు మీద పెట్టాను. నాకు చెమటలు పోస్తున్నాయి, కంప్యూటర్ హాయిగా గాలి తింటోంది.

మూడో రోజు ముఖాలు. ఎవరో ఒకాయన నాలుగేళ్ళు కూర్చుని ముప్ఫై ఒక్క ముఖాలూ మళ్ళీ చేశాడట. రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చని రాశాడు. కింద ఒక హెచ్చరిక. ముందు పాత ఆటని మొత్తం వేరేచోట కాపీ తీసి ఉంచుకోండి. దాచమంటే నాకు చెప్పాలా. మొదటిరోజే తీశాను. ఆ ఫోల్డర్‌కి 'పాతవి' అని పేరు కూడా పెట్టాను.

ముఖాలు సగం దిగాక డిస్కులో చోటు లేదని వచ్చింది.

చోటు ఎక్కడ చెయ్యాలా అని మొత్తం వెతికాను. మా ఆవిడ మేనత్త కొడుకు పెళ్ళిఫోటోలు రెండువేల మూడొందలు, వాటిలో మేము ఉన్నవి నాలుగు. అయినా చుట్టరికం, తీసేస్తే బాగుండదు. పదేళ్ళ కరెంటు బిల్లుల స్కాన్లు. ఎవరైనా అడుగుతారు, ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి అడగబోతారు. కారుతున్న పంపు ఎలా బాగుచెయ్యాలో చూపించే వీడియో. పంపు ఇంకా కారుతోంది, కాబట్టి అవసరం. అన్నిటికీ భవిష్యత్తు ఉంది. ఒక్క ఫోల్డరుకి మాత్రం పేరులోనే భవిష్యత్తు లేదు. కొత్తవి వచ్చేశాక పాతవి ఎవరిక్కావాలి?

జీవితంలో మొదటిసారి ఒక వస్తువు పారేశాను. చెత్తబుట్టలో కూడా ఉంచలేదు, బుట్ట కూడా ఖాళీ చేశాను. ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. ఈ క్షణం మా ఆవిడ చూసుంటే ఎంత గర్వపడేదో అనుకున్నాను.

నాలుగో రోజు అప్‌గ్రేడ్ గారు వచ్చారు. పడవ అసలు కదలడం లేదు. ఆయన కూర్చుని ఒక్కొక్కటే తీయించారు. ముందు మబ్బులు తీశాం. తర్వాత అలలు, తర్వాత ఆకులు. తర్వాత చెట్లు పాతవాటికంటే కొంచెం తక్కువ చెట్లలా తయారయ్యాయి. అప్పుడు పడవ కదిలింది. మొత్తమ్మీద నాలుగు రోజుల కష్టంలో మిగిలినవి ముఖాలే. అవి తియ్యొద్దు బావగారూ, మనుషుల్ని గుర్తుపట్టేది ముఖాలు చూసే కదా అన్నారు. సాయంత్రం చెల్లెమ్మ చూసేటప్పుడు తనూ ఉంటానన్నారు. ఇది భార్యాభర్తల మధ్య ఉండాల్సిన ఘట్టమని చెప్పి పంపేశాను.

మా ఆవిడ వచ్చింది. బ్యాగు పెట్టింది, స్నానం చేసింది, ఆరున్నరకి కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంచాను. అప్పుడే అనుమానమొచ్చినట్టు నా వైపు చూసింది.

టోపీ బాబాయి ఎక్కాడు. నిగనిగలాడే చర్మం, గడ్డం కింద చిన్న నొక్కు. పేపరు మామయ్యకి నుదుటి మీద మూడు ముడతలొచ్చాయి. మా ఆవిడ మర్యాదగా చూసింది. ఎవరైనా గోడగడియారం బహుమతిగా ఇస్తే, ఇది మళ్ళీ ఎవరికివ్వచ్చా అని లోపల లెక్క వేసుకుంటూ పైకి బాగుందంటాం చూడండి, అలా. ఆరూ నలభై అయిదయింది. ఒకావిడ గొడుగు పట్టుకుని వచ్చి చుక్కాని పక్కన కూర్చుంది. పెద్ద కళ్ళు, ఎర్రటి పెదాలు, పళ్ళన్నీ కనబడేలా నవ్వు.

"ఎవరండీ ఈవిడ?"

"గొడుగు పిన్ని."

"కాదు."

"గొడుగు చూడు."

"గొడుగు పిన్నిదే. ఈవిడ కాదు."

మా ఆవిడ పడవ కదిలించింది. అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళింది. ఈ ఒడ్డుకి తీసుకొచ్చింది. మధ్యలో ఒకసారి, షాపు ఓనరు సెలవు నాలుగు రోజులిచ్చి మూడే ఇచ్చానంటున్నాడని నెమ్మదిగా చెప్పబోయింది. ఆ ఎర్రపెదాలావిడ నవ్వుతూనే ఉంది. మా ఆవిడ మాట మధ్యలో ఆపేసింది. ఏడుకి పడవ కట్టేసి, లేచి, వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళలో ఏడుకి లేవడం అదే మొదలు.

నేను వెనకాలే వెళ్ళాను. చాలా కష్టపడ్డారు అంది. బాగుంది అని కూడా అంది. ఇంకో ఉల్లిపాయ తీసుకుని, "నేను ఏం చెప్పినా నవ్వుతుందండీ ఆవిడ" అంది. అది ఫిర్యాదులా లేదు, నేను నంబరివ్వడానికి. తర్వాత పాతవాళ్ళని పెట్టెయ్యమంది.

"పాతవి లేవు."

"అటక మీద చూడండి."

"అటక మీద కాదు. కంప్యూటర్లోవి. చోటు చాల్లేదు. పారేశాను."

కత్తి ఆగిపోయింది. మా ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మీరా?" అంది.

పందొమ్మిదేళ్ళుగా ఆవిడ ఎదురుచూసిన రోజు అదే, ఇలా వచ్చింది.

ఆట కొన్నప్పుడు వచ్చిన అసలు డిస్కు ఉండాలి కదా అని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఉంది. ఎక్కడుందో కూడా తెలుసు. మూడేళ్ళ కింద బాల్కనీలో పావురాల బాధ పడలేక, మెరిసేవి వేలాడదీస్తే రావని ఎవరో చెబితే, ఇంట్లో ఉన్న పదమూడు డిస్కులూ దారానికి గుచ్చి కట్టాను. దేన్నీ పారెయ్యనన్నానుగా, పనికి పెట్టాను. పావురాలు ఆ దారం మీదే కూర్చుంటున్నాయి.

ఎడమ నుంచి నాలుగోది మనది. విప్పి తెచ్చాను. మా ఆవిడ సింకు దగ్గర కడిగి, హ్యాండ్‌బ్యాగులోంచి షాపు వాళ్ళ మెత్తటి గుడ్డ తీసి, అద్దం తుడిచినట్టు మధ్యలోంచి అంచుకి గుండ్రంగా తుడిచింది. చాలాసేపు తుడిచింది. తర్వాత లైటుకి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. ఎండకి ఆ వెండిపూత పొలుసులుగా లేచిపోయింది.

"దీంట్లోంచి మీరు కనబడుతున్నారండీ నాకు" అంది.

కంప్యూటర్ దాన్ని లోపలికి తీసుకుని, కాసేపు పళ్ళు కొరికి, బయటికి తోసేసింది.

ఆ తర్వాత నేను చెయ్యనిది లేదు. ఇంటర్నెట్లో వెతికితే దొరికేదల్లా సరిచేసిన కొత్త ఎడిషనే, అందులో గొడుగు పిన్ని అసలు లేదు, జనం ఎక్కువయ్యారని తీసేశారట. ఆట తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాస్తే, ఆ చిరునామా ఇప్పుడు లేదని నా ఉత్తరమే తిరిగొచ్చింది. మేమైతే నంబరైనా ఇస్తాం. ముఖాలు చేసినాయనకి రాశాను, మీ దగ్గర పాతవి ఉంటే పంపమని. అంత అసహ్యమైన ముఖాలు దాచుకునే పిచ్చివాడు ఎవడూ ఉండడని, నచ్చకపోతే వచ్చే నెల కనుబొమలు కూడా కదిలే వెర్షను వస్తుందని జవాబిచ్చాడు. ఎవరో పాత ఆట ఆడుతూ తీసిన వీడియో ఒకటి దొరికింది. నలభై నిమిషాల వీడియోలో గొడుగు పిన్ని నాలుగు సెకన్లు ఉంది. అటు తిరిగి ఉంది.

కళ్ళజోడు తీసేసి ఆడితే మసగ్గా ఉంటుంది కదా అని సలహా ఇచ్చాను. మా ఆవిడ తీసి చూసింది. అది నా కళ్ళ మసక, వాళ్ళ మసక కాదు అంది. చూపు సంగతి తెలిసిన మనిషితో వాదించలేం.

అప్పుడు ఆ కొత్త ముఖాల్ని నేనే పాడుచెయ్యడం మొదలుపెట్టాను. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి నేర్చుకున్నాను. రెప్పలు చెరిపాను, పెదాల ఎరుపు తీశాను, పళ్ళు మూయించాను, మొత్తాన్ని చిన్నగా కుదించి మళ్ళీ పెద్దగా లాగాను. మిగతా ముప్ఫైమంది ఒక నెలలో దారికొచ్చారు. టోపీ బాబాయికి టోపీ చాలు. సంచీ అత్తయ్య ఎలా ఉన్నా మా ఆవిడకి నచ్చదు కాబట్టి ఇబ్బంది లేదు. పిన్ని దగ్గరే ఆగిపోయాం.

ఆదివారం ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మా ఆవిడని కూర్చోబెట్టి చూపించేవాణ్ణి. ఇది బాగుందా, ముందుది బాగుందా? ఆవిడ గడ్డం ఎత్తి నిటారుగా కూర్చునేది. మొదట్లో చాలా ఓపిగ్గా చెప్పేది.

"కళ్ళు ఇంకొంచెం తగ్గించండి."

"తగ్గిస్తే కళ్ళే ఉండవు."

"కళ్ళు లేకపోయినా ఫరవాలేదు. చూడాలి."

"కళ్ళు లేకుండా ఎలా చూస్తుందే?"

"చూసేదండీ. సంచీ అత్తయ్య మాటెత్తితే ఇలా పక్కకి కూడా చూసేది."

రెండు గోధుమరంగు మరకలు పక్కకి ఎలా చూస్తాయో నాకు తెలియదు. మా ఆవిడకి తెలుసు కానీ చెప్పడం రాదు. నోటి గీత ఎడమవైపు కొంచెం దిగి ఉండేదంటుంది. దింపితే ఏడుస్తున్నట్టుందంటుంది. ఎత్తితే మళ్ళీ నవ్వుతోందంటుంది. మధ్యలో పెడితే ఎవరో బ్యాంకు మనిషిలా ఉందంటుంది. ప్రతి ముఖాన్నీ దాచాను, ఒక్కటీ పారెయ్యలేదు. పిన్ని 9, పిన్ని 17 కొంచెం కోపం, పిన్ని 23 జలుబు. చోటు చాలక పెళ్ళిఫోటోలు తీసేశాను, మేమున్న నాలుగుతో సహా. కరెంటు బిల్లులు కూడా తీసేశాను. పారెయ్యడం అంత తేలికని అప్పుడు తెలిసింది.

సంగతి విన్న అప్‌గ్రేడ్ గారు చాలా నొచ్చుకున్నారు. ఉన్నదాన్ని చెడగొట్టుకోవడానికి మనిషి ఇంత కష్టపడడం ఆయన సర్వీసులో చూడలేదట. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, కొత్తది పాతదానిలా కనబడేలా చేసే మాడ్ ఒకటుందని, మా కంప్యూటర్ మాత్రం మొయ్యదని చెప్పారు.

ఈలోగా ఆరున్నరకి మా ఆవిడ ఏం చెయ్యాలో తెలియక బాల్కనీలో కూర్చునేది. వాళ్ళ అక్కకి ఫోను చేసేది, మోకాలి గురించి అడిగేది, పెట్టేసేది. పావురాల వైపు చూసేది. ఒకరోజు షాపు నుంచి పెందలాడే వచ్చింది. ఒక పెద్దాయన ఎంతకీ తేల్చుకోకపోతే, ఏదో ఒకటి చెప్పండి బాబాయిగారూ, నేనేమన్నా మిమ్మల్ని ఆస్తి రాసిమ్మన్నానా అందట. ఓనరు పిలిచి మాట్లాడాడట. ఏమన్నాడో నాకు చెప్పలేదు. నాకు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. చెప్పే చోటు వేరే ఉండేది.

"నాకు చెప్పొచ్చు కదా" అన్నాను.

"మీరు వెంటనే ఏదో ఒకటి బాగుచేస్తారండీ" అంది.

మూడు నెలలయ్యాక, ఒక ఆదివారం, నలభై ఆరో పిన్ని తయారైంది. దాన్ని చూసి నేనే ఉలిక్కిపడ్డాను. ఇదే, ఇంక సందేహం లేదు అనుకున్నాను. పాత ముఖం నేను ఎప్పుడో మర్చిపోయానన్నది వేరే సంగతి. ఎనిమిదేళ్ళు బాల్కనీలోంచి విన్నానే గాని, ఆవిడ ముఖంలోకి నేను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు.

మా ఆవిడ వచ్చి కూర్చుంది. పక్క కుర్చీలో నేను. పడవ కదిలింది, ఆగకుండా, ఆలోచించకుండా. ఆరూ నలభై అయిదుకి గొడుగు పట్టుకుని ఆవిడ వచ్చి చుక్కాని పక్కన కూర్చుంది. గోధుమరంగు డబ్బా, రెండు మరకలు, తిన్నగా లేని గీత.

మా ఆవిడ చాలాసేపు చూసింది. తెర మీదికి వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. నేను అడిగాను.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

అప్పుడు ఆవిడ తెర మీంచి చూపు తిప్పి నన్ను చూసింది. మూడు నెలలుగా తెరకి అతుక్కుపోయి నా కళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలియదు, ఆవిడకి అది వృత్తి. నా కళ్ళలోకి ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"రెండూ ఒకటేనండి" అంది. "బాగానే ఉంది."

గొంతులో చిరాకు లేదు, కోపం లేదు. చాలా మర్యాదగా అంది.

నేను రేపు మళ్ళీ చూద్దామన్నాను. వద్దులెండి అంది. పడవని తిన్నగా అవతలి ఒడ్డు వైపు తిప్పింది. ఆ ట్రిప్పు దాదాపు పది నిమిషాలు పడుతుంది. వాన మొదలైంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, ఆఫీసుకి వచ్చిన ఒక ఫిర్యాదు గురించి మొదలుపెట్టాను. ఒకాయన మూడేళ్ళుగా నీళ్ళు రావడం లేదని తిరిగి తిరిగి, ఇప్పుడు వస్తుంటే అలవాటు తప్పిపోయింది, ఆపేయండని రాసిచ్చాడు. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు. మా ఆవిడ చుక్కాని వదల్లేదు. నేను తెర వైపు చూస్తూ మొత్తం చెప్పాను, నంబరు కూడా చెప్పాను.

పిన్ని విన్నదో లేదో తెలియలేదు. ఆ మరకలు పెట్టింది నేనే కాబట్టి, నాకు మరకల్లాగే కనబడ్డాయి.